వింటర్ టైరు స్టడ్: మొన ఎంత మార్చినా పట్టు పెరగట్లేదు, ఎక్కడ తప్పు?

పట్టకార:

నమస్తే అండీ. నేను వాల్వులు డిజైన్ చేస్తాను, టైర్లతో నాకే సంబంధమూ లేదు. మూడు నెలల కిందట పాత వింటర్ టైరు ముక్క ఒకటి చేతికొచ్చింది. గడ్డకట్టిన మంచు మీద బండి జారకుండా ట్రెడ్‌లో, అంటే నేలకి తాకే రబ్బరు పొరలో, స్టడ్‌లని చిన్న చిన్న లోహపు మేకులు దించుతారు కదా, అలాంటి టైరు. ఒక స్టడ్ పీకి చూద్దామని పట్టకారతో కూర్చున్నాను. అరగంట పట్టింది, అరచెయ్యి కందిపోయింది. తీరా బయటికొచ్చాక చూస్తే చిక్కుడు గింజంత ఉంది! అల్యూమినియం ఒళ్లు, నడిమధ్య టంగ్‌స్టన్ కార్బైడ్ అనే బాగా గట్టి పదార్థంతో చేసిన పిన్, అడుగున పళ్లెంలాంటి వెడల్పాటి అంచు. అంతే, ఆ రోజు నుంచి పిచ్చి పట్టుకుంది. ఇంతకన్నా బాగా పట్టేది నేను గీయలేనా అని.

గీశాను. నాలుగు రకాల మొనలు: సూదిలాంటి కోన్, గుండ్రంగా బల్లపరుపుగా ఉండేది, నలుపలక, ఆరుపలక. ఒళ్లు మాత్రం అన్నిటికీ ఒకటే. 6.5 మిల్లీమీటర్ల లావు, 11 ఎత్తు, అడుగు అంచు 8, పిన్ 2.5. పిన్ బయటికి 1.2 మిల్లీమీటర్లు పొడుచుకొచ్చేలా చూసుకున్నాను. మందపాటి రబ్బరు దిమ్మలకి 6 మిల్లీమీటర్ల డ్రిల్లుతో బెజ్జాలు వేసి, దిమ్మకి నాలుగు చొప్పున స్టడ్‌లు దిగ్గొట్టాను. డీప్ ఫ్రీజర్‌లో పెద్ద ట్రే పెట్టి నీళ్లు గడ్డకట్టించాను. ఐస్ మీద దిమ్మ, దిమ్మ మీద 10 కిలోల బరువు, ముందు స్ప్రింగ్ త్రాసు. లాగడమే.

కోన్ మొదటి లాగుడుకి 2.1 కిలోలు చూపించింది, రెండోసారికే 1.6కి పడిపోయింది. బల్లపరుపుది 1.8, నలుపలక 1.8, ఆరుపలక 1.9. ఇక్కడిదాకా బాగానే ఉంది. ఎందుకైనా మంచిదని స్టడ్ లేని ఉత్త దిమ్మను కూడా లాగి చూశాను. దానికే 1.5 వచ్చింది! మూడు నెలల కష్టానికి దక్కింది మూడు నాలుగు వందల గ్రాములా? పైగా పదో లాగుడుకల్లా రెండు స్టడ్‌లు ఊడి ఐస్ మీద దొర్లాయి.

మొనకి ఇంకా పదును పెట్టాలా? ఒళ్లు స్టీలుతో చేసి బరువు పెంచితే గట్టిగా దిగుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి, తిట్టినా పర్లేదు.

పాతట్రెడ్:

తిట్టడానికేముంది సార్, జవాబు మీ మొదటి పేరాలోనే ఉంది. ఫ్యాక్టరీలో దించిన స్టడ్ పీకడానికి అరగంట పట్టిందన్నారు. మీరు దించినవేమో పది లాగుళ్లకే దొర్లాయి. ఆ తేడా మొనలో లేదు. మీరు ఒక్క ముక్కలో దాటేసిన ఆ 6 మిల్లీమీటర్ల బెజ్జంలో ఉంది.

నేను టైర్ల టెస్టింగ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. కొత్తగా వచ్చిన ప్రతి ఇంజినీరూ ముందు పిన్‌నే పట్టుకుంటాడు, కంటికి కనబడేది అదే కాబట్టి. 11 మిల్లీమీటర్ల స్టడ్‌లో బయటికి కనబడేది ఒకటిన్నర లోపే. మిగతాదంతా రబ్బరులో కూరుకుని ఉంటుంది. పనంతా దానిది.

టైరుకి బెజ్జాలు డ్రిల్లుతో వేయరు. అచ్చులోనే సన్నటి పుల్లల్లాంటివి ఉంటాయి. రబ్బరు ఉడికేటప్పుడు వాటి చుట్టూ బెజ్జం తయారవుతుంది, గోడలు నున్నగా, ఎక్కడా చిరుగు లేకుండా వస్తాయి. ఆ బెజ్జం లావు 2.5, 3 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. స్టడ్ ఒంట్లో సగం కూడా కాదు! స్టడ్‌లు దించే పనిముట్టు, స్టడ్ గన్, దానికి వేళ్లలాంటివి ఉంటాయి, అవి బెజ్జాన్ని సాగదీసి పట్టుకుంటే స్టడ్ లోపలికి దిగుతుంది, తర్వాత వేళ్లు వెనక్కి వచ్చేస్తాయి. ఇక రబ్బరు దాన్ని నాలుగు పక్కల నుంచీ కరుచుకుంటుంది. మీరు 6.5 ఒంటికి 6 బెజ్జం వేశారు. అదీ డ్రిల్లుతో. డ్రిల్లు రబ్బరును కోయదు, చింపుతుంది. వదులు కాజాలో బొత్తాంలాగా ఉంటుంది మీ స్టడ్ పరిస్థితి.

అలా వదులైతే లాగగానే స్టడ్ వెనక్కి ఒరుగుతుంది. ఒరిగిన పిన్ ఐస్‌ను గీకదు, దాని మీద జారుతుంది. మీ మొనలన్నీ దాదాపు ఒకే అంకె చూపించింది ఇందుకే అని నా అనుమానం. పలకల అంచు ఐస్‌కి ఎదురు నిలబడితే కదా దాని గొప్ప తెలిసేది? అన్నీ చెంప ఆనించి రాసుకుంటూ పోయాయి. అడుగు అంచు అంత వెడల్పు పెట్టేది, పైన తోసినప్పుడు కింద తన్నిపెట్టుకోవడానికే. కొన్ని స్టడ్‌లకి నడుము దగ్గర రెండో అంచు కూడా ఉంటుంది.

ఇంకోటి, మీ ఐస్. ఇళ్లలో ఉండే డీప్ ఫ్రీజర్ అంటే మైనస్ 18 దగ్గర ఉంటుంది. ఆ చలిలో ఐస్ గట్టిగా, పొడిగా ఉంటుంది, ఉత్త రబ్బరు కూడా దాన్ని బాగానే పట్టుకుంటుంది. మీకు 1.5 వచ్చింది అందుకే. స్టడ్ అసలు అవసరం సున్నా దగ్గర. పైన సన్నటి నీటి పొర చేరినప్పుడు రబ్బరు చేతులెత్తేస్తుంది, అదే సమయంలో ఐస్ మెత్తబడి పిన్ దిగుతుంది. ఐస్ ట్రే తీసి బయట పెట్టండి, పైన తడి మెరుపు కనబడ్డాక లాగండి.

కోన్ సంగతి: మొనను లెన్సు పెట్టి చూడండి. కార్బైడ్ ఎంత గట్టిదో అంత పెళుసు, సూది మొన మొదటి దెబ్బకే చిట్లి ఉండొచ్చు. లేదా రెండోసారి పాత గాడిలోనే లాగి ఉంటారు. టైరులో కూడా ఒక స్టడ్ గీసిన గాడిలో ఇంకో స్టడ్ నడిస్తే దానికి మిగిలేది ఏమీ ఉండదు. అందుకే వాటిని ట్రెడ్ వెడల్పంతా వేర్వేరు వరసల్లో చెదరగొడతారు. చూసేవాళ్లకి చేత్తో చల్లినట్టు ఉంటుంది గానీ, వాటిని పేర్చడం పెద్ద తలనొప్పి.

స్టీలు మాత్రం వద్దు. ఫిన్లాండ్, స్వీడన్, నార్వేల్లో కార్ల స్టడ్ బరువు 1.1 గ్రాములు దాటకూడదు. ఒకప్పుడు 1.8 గ్రాముల స్టీలువి ఉండేవి, అవి రోడ్లను తినేసేవి. స్టడ్ ట్రెడ్ మట్టానికి నొక్కుకోవడానికి పట్టే బలానికి కూడా 120 న్యూటన్ల హద్దు ఉంది, అంటే సుమారు 12 కిలోలు. 2013 జులై నుంచి అక్కడ తయారీ నియమం ఏమిటంటే, చుట్టుకొలతలో మీటరుకి 50 స్టడ్‌లు. అంతకు మించితే రోడ్డు అరుగుదల పరీక్ష నెగ్గాలి.

ఈ అంకెలతో చిన్న లెక్క వేయండి. 205/55 ఆర్16 అనే కారు టైరు సైజు తీసుకుంటే చుట్టుకొలత సుమారు 1.9 మీటర్లు, అంటే 95 స్టడ్‌లు. నేలకి తాకేది ఓ 15 సెంటీమీటర్లు అనుకుంటే ఒక్కసారికి ఏడో ఎనిమిదో. అన్నీ మట్టానికి నొక్కుకున్నా అవి మోసేది 100 కిలోల లోపే. చక్రం మీద 400 కిలోలుంటే మిగతా మూడు వంతులూ రబ్బరే మోస్తుంది. కాబట్టి స్టడ్ మీద బండిని నిలబెట్టే ఆలోచన వదిలేయండి. రబ్బరు ఐస్‌ను తాకాలి, స్టడ్ దానికి తోడుండాలి. మీ దిమ్మ 10 కిలోలకి నాలుగు స్టడ్‌ల మీద కుర్చీలా నిలబడి ఉంటుంది, అది కూడా చూసుకోండి.

పట్టకార:

సార్, మీరు చెప్పాక దిమ్మ పక్కకి తిప్పి చూశాను. స్టడ్‌ని వేలితో తోస్తే ఊగుతోంది. సిగ్గేసింది. వాల్వుల్లో సీటింగ్ సీటింగ్, అంటే భాగం తన చోట గట్టిగా కూర్చోవాలి అని జూనియర్లకి రోజూ చెప్పేది నేనే.

కోన్ మొన నిజంగానే చిట్లింది. పది రెట్ల లెన్సులో చూస్తే ఒక పక్క గోరు విరిగినట్టు ఉంది. సరే, సన్న బెజ్జం కావాలంటే రబ్బరును అచ్చు పోయాలి కదా, అది ఇంట్లో ఎలా?

సబ్బునీళ్లు:

అచ్చు ఎందుకు బ్రదర్, స్టడ్‌లు దించకుండా ఖాళీ బెజ్జాలతోనే వచ్చే వింటర్ టైర్లు ఉంటాయి, స్టడ్‌లు కావాలన్నవాళ్లకి తర్వాత దించుతారు. వాడనిది చూసి ఒక ముక్క కోసుకోండి. రోడ్డు మీద తిరిగింది తీసుకోవద్దు, బెజ్జాల్లో ఇసుక, రాళ్ల పొడి చేరిపోయి ఉంటుంది. మీరు స్టడ్ పీకిన ఆ పాత బెజ్జం కూడా ఇక లెక్కలోకి రాదు, అరగంట పీకారు కదా పాపం.

దించేటప్పుడు సబ్బునీళ్లు పూయండి, ఆ తర్వాత ఒక రాత్రంతా ఆరనివ్వండి. సబ్బు తడి ఉండగానే లాగితే మళ్లీ ఊడొచ్చి మమ్మల్ని తిడతారు. కార్లకి కూడా కొత్తగా స్టడ్‌లు దించాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపమంటారు, గట్టి బ్రేకులు, చక్రం గిర్రున తిప్పడాలు లేకుండా. రబ్బరు స్టడ్ చుట్టూ సర్దుకోవాలి.

చలిచీమ:

అందరూ పట్టు గురించే మాట్లాడుతున్నారు, ఒక మాట నాదీ వినండి. ఐస్ లేని రోజు ఇవే మేకులు తారు రోడ్డును గీకుతాయి, ఆ పొడి మనం పీలుస్తాం. జపాన్‌లో ఈ దుమ్ము గోల భరించలేక 1990లో ఏకంగా చట్టమే చేశారు. స్టాక్‌హోమ్‌లో హోర్న్స్‌గాటన్ వీధిలోకి 2010 నుంచి స్టడ్ టైర్లను రానివ్వరు. పొడి తారు మీద బ్రేకు దూరం కూడా పెరుగుతుంది. స్టడ్ లేని మెత్తటి రబ్బరు వింటర్ టైర్లు ఇప్పుడు చాలా మెరుగయ్యాయి, ఆ శ్రమేదో వాటి మీద పెట్టొచ్చుగా?

పాతట్రెడ్:

చీమగారూ, ఊరి మధ్యలో మీ మాట నిజం, కాదనను. కానీ సున్నా డిగ్రీల తడి ఐస్ మీద కొండ దిగేవాడికి ఆ మాట చెప్పలేం. అవసరం లేనప్పుడు పిన్ వెనక్కి తగ్గిపోవాలన్న ఆలోచన ఎప్పటి నుంచో ఉంది. 1970ల్లోనే అమెరికాలో ఒక రకం స్టడ్ వచ్చింది. పిన్ ఒక కొసకి కొంచెం సన్నబడుతూ ఉంటుంది, హద్దు దాటి పొడుచుకొస్తే దెబ్బకి దెబ్బకి ఒంట్లోకి దిగిపోతుంది. ఫిన్లాండ్ టైర్ల కంపెనీ నోకియన్ 2014లో లోపలికి ముడుచుకునే స్టడ్‌లతో నమూనా టైరు చూపించింది.

పట్టకారగారూ, ఇందులో మీకు పనికొచ్చేది ఒకటుంది. మరీ గట్టి కార్బైడ్ వెతక్కండి. పిన్ అరగకుండా చుట్టూ రబ్బరు ఒక్కటే అరిగితే మేకు రోజురోజుకీ పొడుగవుతుంది, ఒరుగుతుంది, చివరికి ఊడుతుంది. రెండూ కలిసి అరగాలి.

పట్టకార:

రెండు వారాలు పట్టింది, క్షమించండి. ఖాళీ బెజ్జాల టైరు ముక్క దొరికింది. స్టడ్‌లు దించడానికి గన్ లేదు, మూడు సన్నటి స్టీలు రేకుల్ని వేళ్లలా పెట్టి, సబ్బునీళ్లు పూసి, వైస్‌లో నొక్కాను. ఒక్కోదానికి పావుగంట. ఈసారి ముక్కకి ఒక్కటే స్టడ్, ఐస్ పైన తడి మెరుపు, ప్రతి లాగుడూ కొత్త చోట.

ఉత్త రబ్బరు 0.6కి పడిపోయింది. బల్లపరుపు పిన్ 1.4, కొత్త కోన్ 1.3, ఆరుపలక 1.7. నలుపలకను చదును పక్క ఎదురుగా ఉండేలా పెట్టి లాగితే మొదట 1.9 వచ్చింది. ఇరవై లాగుళ్లయినా ఒక్కటీ ఊడలేదు, వేలితో తోస్తే కదలట్లేదు.

నలుపలక మాత్రం మొండికేసింది. 1.9, 1.8, 1.8, తర్వాత 1.5. ఎందుకో అర్థం కాక స్టడ్ తల మీద తెల్ల పెయింటుతో చుక్క పెట్టి మళ్లీ లాగాను. పది లాగుళ్లకి చుక్క గడియారంలో పన్నెండు నుంచి దాదాపు ఒంటిగంటన్నరకి వచ్చింది. గుండ్రటి ఒళ్లు కదా, బెజ్జంలో తిరిగిపోయి మూల ఎదురుకొచ్చింది. ఈ వారం అడుగు అంచును కోడిగుడ్డు ఆకారంలో గీస్తున్నాను. మొనలు నాలుగూ డ్రాయరులో పడేశాను, వాటి సంగతి తర్వాత.