అప్‌డేట్: నీట్ పీజీ మూడోసారి, గుండె దడ, నిద్ర లేమి (తిరుపతి)

నాలుగు నెలల కిందట ఇక్కడే అడిగాను: ఎంబీబీఎస్ తర్వాత పీజీ సీటు కోసం రాసే నీట్ పీజీ మూడోసారి రాస్తున్నాను, రాత్రి రెండైనా నిద్ర పట్టడం లేదు, గుండె దడ, థైరాయిడ్ ఏమోనని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

థైరాయిడ్, ఈసీజీ రెండూ నార్మల్. కాఫీ మానేసినా తేడా రాలేదు. సైకియాట్రిస్టును కలవమన్న సలహానే పనిచేసింది. నేనే డాక్టర్ని అయ్యుండి వెళ్లడానికి నెల రోజులు జంకాను. తిరుపతిలో తెలిసినవాళ్లు చూస్తారని చిత్తూరు వెళ్లాను. యాంగ్జైటీ డిజార్డర్ అన్నారు. మందులు, కౌన్సెలింగ్‌తో ఆరు వారాలకు నిద్ర కుదిరింది. నీట్ పీజీ అంటే 200 ప్రశ్నలు, 800 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. ఆ ఒక్క పూట పరీక్షతోనే మూడేళ్లుగా నన్ను నేను కొలుచుకున్నాను. ఎంత బాధపడ్డానో ఇప్పుడు తెలుస్తోంది.

ర్యాంకు జనరల్ మెడిసిన్‌కు చాల్లేదు. ఇక్కడ ఒక అక్క చెప్పినట్టు ఎండీతో పాటు దానికి సమానమైన డీఎన్‌బీ, జాతీయ వైద్య పరీక్షల బోర్డు (ఎన్‌బీఈఎంఎస్) ఇచ్చే రెండేళ్ల డిప్లొమాలు కూడా ఆప్షన్లలో పెట్టాను. అనస్థీషియా డిప్లొమా వచ్చింది, చేరాను. నాన్న ‘ఇంకోసారి రాయమ్మా’ అనలేదు, అదే పెద్ద ఊరట.

అర్ధరాత్రి ఇది వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు: టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. నేను రెండుసార్లు చేశాను.