అప్‌డేట్: తాతయ్య ఉత్తరాల్లోని బండి ఱ

మొన్న అడిగాను కదా, మా తాతయ్య ‘చెఱువు’, ‘గుఱ్ఱం’ అని ఎందుకు రాసేవారు, ఆ ఱ ని ఎలా పలకాలి అని. సమాధానాలిచ్చిన అందరికీ థాంక్స్. తాతయ్య రాసింది తప్పు కాదు, నాకే తెలీలేదు! ఒకప్పుడు మామూలు ర, ఈ బండి ఱ రెండూ వేరు శబ్దాలు. ఏరు అంటే ఏరడం, ఏఱు అంటే నది. పాత కవులు ప్రాసలో కూడా ఈ రెంటినీ కలిపేవారు కాదట.

పలకడం ఎలాగో మాత్రం ఆఫీసులో మలయాళీ ఫ్రెండ్ వల్ల తెలిసింది, వాళ్లకి ఈ తేడా ఇంకా బతికే ఉంది. కర అంటే ఒడ్డు, కఱ అంటే మరక. మూడుసార్లు చెప్పించుకుంటే గానీ నా చెవికి ఎక్కలేదు: రెండోదానికి నాలుక పళ్ల పైన చిగురు దగ్గర గట్టిగా అదురుతుంది.

ఇంకో సరదా విషయం, తమిళంలో ఈ అక్షరం జంటగా వచ్చే చోట మనకి చాలా మాటల్లో ట్ట ఉంటుంది. వాళ్ల ‘పుఱ్ఱు’ మన పుట్ట, ‘చుఱ్ఱు’ మన చుట్టు. (రాసేది అలాగే అయినా వాళ్లు పలికేది ‘పుట్రు’ లాగా వినిపిస్తుంది.)

శకటరేఫం అన్నా ఇదే, శకటమంటే బండే కదా. అమ్మకి చెబితే “ఇన్నాళ్లూ ఆయన్ని దిద్దుకోమన్నాను” అని ఒకటే నవ్వు.