సియాటెల్ సైన్స్ పెవిలియన్ మోడల్: ఆర్చ్‌లు దేనితో చేస్తే నిలుస్తాయి?

నమస్కారమండీ. మా అమ్మాయి బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) చదువుతోంది. 1962 సియాటెల్ ఎక్స్‌పో (ప్రపంచ ప్రదర్శన) కోసం ఆర్కిటెక్ట్ మినోరు యమసాకి డిజైన్ చేసిన అమెరికా సైన్స్ పెవిలియన్‌కి మోడల్ చెయ్యాలి. ఇప్పటి పసిఫిక్ సైన్స్ సెంటర్ అదే. న్యూయార్క్ ట్విన్ టవర్స్ కూడా ఆయనవే.

కొలనుల చుట్టూ ఉన్న ఆరు భవనాలవీ ప్రీకాస్ట్ (ముందే అచ్చుల్లో పోసిన) కాంక్రీట్ గోడలే, ఫోమ్ బోర్డుతో లాగించేయొచ్చు. చిక్కంతా మధ్యలోని ఐదు తెల్లటి ఆర్చ్‌లతోనే. అసలువి దాదాపు 100 అడుగులు, 1:100 స్కేల్‌లో అడుగు ఎత్తు వస్తాయి. జాలీలా మరీ సన్నవి. లేజర్ కటింగ్ చేయించిన ఎండీఎఫ్ (చెక్కపీచు నొక్కి చేసిన బోర్డు) పుటుక్కున విరిగిపోతోంది. అక్రిలిక్ మేలా, త్రీడీ ప్రింట్ చేయించాలా? సియాటెల్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా ఆర్చ్‌ల కాళ్లు, పైన కలిసే చోటు దగ్గర నుంచి ఫొటోలు తీసి పెట్టగలరా? సబ్మిషన్ దగ్గరపడింది, అమ్మాయికన్నా మాకే టెన్షన్ ఎక్కువగా ఉంది.