హన్మకొండ నుంచి కౌలాలంపూర్‌కి: 30 కిలోల్లో ఏం సర్దుకోవాలి?

హన్మకొండ తమ్ముడు:
మలేషియాలో ఉంటున్న మనవైపు అన్నలకు, అక్కలకు నమస్తే. వచ్చే నెల, ఆగస్టు మొదట్లో, కౌలాలంపూర్‌లో ఉద్యోగంలో చేరుతున్నా. ఆఫీసు బాంగ్సార్ సౌత్‌లో. దసరా తర్వాత మా ఆవిడ, నాలుగేళ్ల పాప వస్తారు. ఒక్కటే డౌట్. 30 కిలోల లగేజీలో ఏం తెచ్చుకోవాలి? కుక్కర్, మిక్సీ, సర్వపిండి గిన్నె, అమ్మ పెట్టిన తొక్కులు, ఇవన్నీ అవసరమా? మా ఆవిడ మాంసం, చేపలు ముట్టదు.

పరకాల (పదకొండేళ్లుగా పుచోంగ్‌లో):
తమ్మీ, కుక్కర్ సంగతి తర్వాత. ముందు ఫోన్‌లో జాగా ఖాళీ చేసుకో, ఇంట్లో దిగే రోజు ప్రతి గోడకూ ఫొటో తీయాలి. ఎందుకో చెప్తా విను. ఇక్కడ రెండు నెలల అద్దె డిపాజిట్, కరెంటు నీళ్లకని ఇంకో అర నెల, పైగా మొదటి నెల అద్దె ముందే. మాది నెల అద్దె 1,800 రింగిట్ల ఇల్లు. తాళాలు చేతికి రాకముందే 6,300 పోయాయి. రెండేళ్లు ఉన్నాం, ఒక్క నెల కూడా అద్దె లేటు కాలేదు. ఖాళీ చేసే రోజు ఓనర్ సక్కగా వంటగదిలోకి పోయి తెల్లటి గట్టు మీద వేలు పెట్టాడు. పసుపు మరక, రూపాయి బిళ్లంత. రాయి మొత్తం మార్చాలట! తర్వాత ఏసీ సర్వీసు రసీదులు అడిగాడు. ఏడాదికి రెండుసార్లు చేయించాలని అగ్రిమెంట్‌లో ఉంది. చేయించా, కానీ రసీదు ఎవడు దాచిపెడతాడు? ఆ తర్వాత దేవుడి పటానికి కొట్టిన మేకు. చివరికి ముక్కు ఎగరేసి ఇల్లంతా మసాలా వాసన, రంగు వేయించాలన్నాడు. మూడు నెలలు మెసేజీలు పెట్టంగ పెట్టంగ 4,500లో 1,350 ఇచ్చాడు. మా ఆవిడ ఇప్పటికీ పోపు పెట్టేముందు గట్టు మీద పేపర్ పరుస్తుంది. చట్టం ప్రకారం 14 రోజుల్లో డిపాజిట్ వాపస్ ఇవ్వాలి. ఎవడిస్తాడు?

కరీంనగర్ (చెరాస్):
అన్నా, 14 రోజులని చట్టంలో ఎక్కడా లేదు, అది మీ అగ్రిమెంట్‌లోని మాట అయి ఉంటుంది. అద్దె ఇళ్లకని ఇక్కడ విడిగా చట్టమే లేదు. రాసుకున్న కాగితమే ఆధారం, 1950 నాటి కాంట్రాక్టుల చట్టం కింద నడుస్తుంది. 5,000 రింగిట్ల లోపు గొడవైతే లాయర్ లేకుండా మెజిస్ట్రేట్ కోర్టులో స్మాల్ క్లెయిమ్, అంటే చిన్న మొత్తాల దావా, వేసుకోవచ్చు. మీకు రావాల్సింది 3,150, నిక్షేపంగా వేయొచ్చు. అగ్రిమెంట్‌కి స్టాంపు వేయించారా?

పరకాల:
లేదు. ఖర్చు ఎందుకన్నాడు ఏజెంట్.

కరీంనగర్:
అక్కడే దెబ్బ తిన్నారు. స్టాంపు లేని అగ్రిమెంట్ కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. లేటైనా జరిమానా కట్టి వేయించుకోవచ్చు, అది కూడా చెప్పలేదు ఆ ఏజెంట్. తమ్ముడూ, సంతకం అయిన 30 రోజుల్లో స్టాంపు వేయించు.

కాజీపేట అక్క (బ్రిక్‌ఫీల్డ్స్):
పాపం తమ్ముడు సామాన్ల గురించి అడిగితే మీరు కోర్టుకు ఎక్కించారు. మిక్సీ తెచ్చుకో, ఇక్కడి కరెంటుకి ఆడుతుంది. ప్లగ్ మాత్రం మూడు చదరపు పిన్నులది, అడాప్టర్ కావాలి. అల్యూమినియం కుక్కర్ తేకు. కాండోల్లో, అంటే ఇక్కడి అపార్ట్‌మెంట్లలో, చాలాచోట్ల ఇండక్షన్ పొయ్యి, దాని మీద అయస్కాంతం అంటుకునే అడుగున్నదే వేడెక్కుతుంది. పప్పులు, చింతపండు, సోనా మసూరి బియ్యం అన్నీ బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఉన్నాయి. కల్యామాకు కూడా. పుంటికూర కావాలంటే తమిళం వాళ్ల కొట్లో పుళిచ్చ కీరై అని అడుగు. జొన్న పిండి మాత్రం నాకు ప్రతిసారీ దొరకలేదు, రెండు కిలోలు పెట్టుకో.

తిండి విషయంలో మీ ఆవిడకి ఒక్క మాట చెప్పు: బెలచాన్. రొయ్యలు పులియబెట్టి చేసిన ముద్ద అది, ఇక్కడి కారం చట్నీలు చాలావాటిలో ఉంటుంది. నేను వచ్చిన కొత్తలో కాంకోంగ్ వేపుడు చూసి, ఇది మన చెరువుల్లో పెరిగే తూటికూరే కదా అని సంబరపడి లొట్టలేసుకుంటూ తిన్నా. వారం తర్వాత తెలిసింది, ఆ రుచి ఆకుది కాదు, రొయ్యలదని. నాసి లెమాక్ కూడా అంతే. కొబ్బరిపాలలో ఉడికించిన అన్నం శాకాహారమే, పక్కన వేసే సంబల్ అనే కారం ముద్దలో ఎండు చేపలు. మాంసం వద్దంటే కోడి తీసేస్తారు, సంబల్ తీయరు. నువ్వైతే సంబల్‌తో తిను. అరిటాకులో కట్టిన పొట్లం పొద్దున్నే విప్పితే వచ్చే వాసన కోసమే నేను ఆఫీసుకి తొందరగా పోతా.

మామక్ హోటళ్లు, అంటే తమిళ ముస్లింలవి, చాలావరకు రాత్రంతా తెరిచే ఉంటాయి. రోటీ చనాయ్ అని పరోటా లాంటిది, దానికి పప్పు కూర ఇస్తారు, పాపకి అది చాలు. 'తే' అంటే డబ్బా పాలు పోసి తియ్యటి చాయ్ ఇస్తారు. పాలు, చక్కెర రెండూ వద్దంటే 'తే ఓ కోసోంగ్' అనాలి. మా అత్తమ్మ మొదటి రోజు ఆ తియ్యటి చాయ్ తాగి, ఇది చాయా, పాయసమా అని అడిగింది.

జమ్మికుంట (పెటాలింగ్ జయ):
తిండి ఎట్లాగైనా దొరుకుతుంది. పన్ను చూసుకో. ఆగస్టులో దిగితే డిసెంబర్ 31కి 153 రోజులే. 182 రోజులు లేకపోతే నాన్ రెసిడెంట్, జీతంలో 30 శాతం కట్. ఒక్క రింగిట్ తిరిగి రాదు. నాకు పోయింది.

కరీంనగర్:
మీకు పోయింది మీరు రిటర్న్ ఫైల్ చేయక. ఈ ఏడాది రోజులు వచ్చే ఏడాది వరుసగా 182 రోజులతో కలిస్తే మొదటి ఏడాదికి కూడా రెసిడెంటే. మధ్యలో సెలవు మీద ఇంటికి పోతే మొత్తం 14 రోజులు దాటకూడదు. నాకు రీఫండ్ వచ్చింది.

జమ్మికుంట:
మా అకౌంటెంట్ రాదన్నాడు. ఆయన ఇరవై ఏళ్ల నుంచి చేస్తున్నాడు.

కరీంనగర్:
ఇరవై ఏళ్ల నుంచి తప్పే చెప్తున్నాడు మరి.

జగిత్యాల (క్లాంగ్):
సాఫ్ట్‌వేర్ వాళ్ల పన్ను పంచాయితీ మీరే చూసుకోండి. ఇది మా ఊరి పిల్లలు చదువుతారని రాస్తున్నా. విజిట్ వీసా మీద రమ్మని, వచ్చాక మారుస్తామని ఏజెంట్ చెప్తే పైసలు కట్టకండి. పదో తరగతి పాస్ కానివాళ్లకు మలేషియా పనికి మన ప్రభుత్వం ఇచ్చే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాల్సిందే.

కాజీపేట అక్క:
మరిచిపోయా తమ్ముడూ. లిఫ్టులో ముసలావిడ ఎవరైనా తెలుగులో పలకరిస్తే ఆశ్చర్యపోకు. బ్రిటిష్ వాళ్ల కాలంలో తోటల పనికి వచ్చిన విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు వాళ్ల మనవళ్లు, మునిమనవళ్లు ఇక్కడ ఉన్నారు. మా పక్కింటి అవ్వ ఇక్కడే పుట్టింది. మా అమ్మ వచ్చినప్పుడు మన యాసలో 'నిమ్మలంగ ఉన్నరా' అంటే, అవ్వ నా వైపు చూసి ఏమన్నారని అడిగింది. ఆ సాయంత్రం ఇద్దరూ కూర్చుని సర్వపిండి చేశారు.

పరకాల:
గుండ్రటి గిన్నెలోనేనా? ఇండక్షన్ మీద ఎట్ల?

కాజీపేట అక్క:
పెనం మీద.

పరకాల:
పెనం మీద చేస్తే అది సర్వపిండి కాదక్కా, రొట్టె. గిన్నె అంచుకు అంటుకుని కరకరలాడితేనే గిన్నప్ప.

కరీంనగర్:
మా ఇంట్లో తపాల చెక్క అంటారు. వేలితో రంధ్రాలు చేసి నూనె పోస్తే పెనం మీద కూడా వస్తుంది.

పరకాల:
పెనం మీద తపాల చెక్క! పేరులోనే తపాల ఉంది కదా అన్నా.

హన్మకొండ తమ్ముడు:
అందరికీ థాంక్స్. ఇంతకీ గిన్నె తేవాలా వద్దా?

పరకాల:
తే. నేను గ్యాస్ పొయ్యి ఉన్న ఇల్లు చూసిపెడతా. స్టాంపు కూడా వేయిద్దాం. ఎనుమాముల మార్కెట్ వైపు పోతే అరకిలో చపాటా మిరప కారం పట్టించు. తొక్కుకు ఆ ఎరుపు ఇక్కడి మిరపకాయతో రాదు. నువ్వు రాగానే పైసలు ఇస్తా.

జమ్మికుంట:
నాకు కూడా అరకిలో.

కాజీపేట అక్క:
అందరూ తలా అరకిలో అంటే పిల్లగాడు తన బట్టలెక్కడ పెట్టుకోవాలి? తమ్ముడూ, నాకు పావుకిలో చాలు.