రెయూనియన్ చెరుకు తోటలకు వెళ్లిన మా పూర్వికుల ఆచూకీ ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న (పెదవాల్తేరు, విశాఖపట్నం)

నమస్కారం. మా ముత్తాతగారి తండ్రి, ఆయన తమ్ముడు యానాం రేవులో ఓడ ఎక్కి, ఫ్రెంచివారి రెయూనియన్ ద్వీపానికి చెరుకు తోటల పనికి వెళ్లారనీ, గడువు తీరాక అన్నగారు ఒక్కరే తిరిగివచ్చి విశాఖ పాతనగరంలో స్థిరపడ్డారనీ మా ఇంట్లో చెప్పుకుంటారు. నాన్నగారు పోయాక ఆయన ట్రంకు పెట్టెలో, పట్టుపంచె అడుగున, నాలుగు మడతలు పెట్టిన ఫ్రెంచి కాగితం దొరికింది. మడతల వెంట చిరిగిపోయిన ఆ కాగితంలో ఒక పేరు, ఒక నంబరు, 1867 అనే సంవత్సరం మాత్రమే చదవగలిగాను. ఇంటిపేరు ఎక్కడా లేదు. యానాంలో రెండుసార్లు విచారించినా మా ఇంటిపేరు గలవారు కనిపించలేదు. అక్కడే ఉండిపోయిన తమ్ముడి సంతానం ఏమయ్యారో తెలుసుకోవాలని నాన్నగారు చివరిదాకా తపించారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

సమాధానం (కాకినాడ)

అమ్మా, యానాం మీవారు ఓడ ఎక్కిన రేవు మాత్రమే కావచ్చు, సొంత ఊరు కాకపోవచ్చు. ఆ ద్వీపాన్ని బూర్బోన్ అని పిలిచే రోజుల్లో, 1828 నుంచే, యానాం మీదుగా తెలుగు కూలీలు అక్కడికి వెళ్లారు. 1848లో అక్కడ బానిసత్వం రద్దయ్యాక తోటల యజమానులకు మనుషుల అవసరం మరీ పెరిగింది. 1860లో ఫ్రెంచి, బ్రిటిష్ ప్రభుత్వాలు ఒప్పందం చేసుకోవడంతో బ్రిటిష్ ఏలుబడిలోని పల్లెల నుంచి కూడా కూలీలను చేర్చుకోవడానికి వీలు కలిగింది. 1882లో బ్రిటిష్ ప్రభుత్వం ఆపేదాకా ఇది సాగింది. కనుక మీ మూలం గోదావరి పల్లెల్లోనో, మీ విశాఖ జిల్లాలోనే ఏ ఊళ్లోనో ఉండవచ్చు.

మీ చేతిలో ఉన్న అసలైన ఆధారం పేరు కాదు, ఆ నంబరు. ద్వీపంలో దిగిన ప్రతి కూలీకి రిజిస్టరులో ఒక నంబరు ఇచ్చేవారు. తండ్రి పేరు, వయసు, ఊరు, వచ్చిన ఓడ, పనికి కుదిరిన యజమాని వంటి వివరాలు ఆ నంబరు కిందే దొరకవచ్చు. ఆ రిజిస్టర్ల కోసం సేంట్ డెనిస్‌లోని రెయూనియన్ పురాపత్రశాలకు రాయండి. అన్నదమ్ములు ఒకే ఓడలో వెళ్లి ఉంటే ముందువెనకల నంబర్లు కూడా చూడమనండి.

సమాధానం (ఎంవీపీ కాలనీ, ఫ్రెంచి బోధించి విశ్రాంతి తీసుకుంటున్నాను)

ఫ్రెంచి గుమాస్తాలు మన పేర్లను చెవికి వినిపించినట్టు రాసుకున్నారు. మన ‘చ’ శబ్దానికి వారు టి, సి, హెచ్ అనే మూడక్షరాలు వాడతారు కనుక చిన్నయ్య కోసం ‘సి’లో వెతికితే దొరకడు, ‘టి’లో ఉంటాడు. ‘జ’కు డి, జె, ‘ఉ’కు ఓ, యు. ఇంటిపేరును వదిలేసి, మనిషి పేరునే వంశనామంగా స్థిరపరచడం కూడా అక్కడ జరిగింది. అందువల్ల తమ్ముడి మునిమనవలు ఈనాడు ఆయన పేరునే ఇంటిపేరుగా పెట్టుకుని తిరుగుతూ ఉండవచ్చు.

తమ్ముడు అక్కడే మరణించి ఉంటే మరణ నమోదు ఉండాలి. ఎక్స్ ఆన్ ప్రొవాన్స్‌లోని ఫ్రాన్సు జాతీయ సాగరాంతర పురాపత్రశాల పాత కాలనీల జనన, వివాహ, మరణ రిజిస్టర్లను ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది. పుట్టిన ఊరి దగ్గర ‘యానావోఁ’ అని కనిపిస్తే అది మన యానామే. తేదీలను అంకెల్లో కాక మాటల్లో రాస్తారు కనుక ‘మిల్ ఉయి సాఁ’ అంటే పద్దెనిమిది వందలని గుర్తుంచుకోండి.

ఇంకొక్క మాట. ఫ్రెంచి చేతిరాతలో ‘1’ తలమీద పొడవైన గీత ఉంటుంది, మన కంటికి ‘7’లా కనిపిస్తుంది. వారి ‘7’కు సాధారణంగా నడుముకు అడ్డంగా మరో గీత ఉంటుంది. మీ 1867ను మరోసారి చూడండి.

ప్రశ్న అడిగినవారు

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. ఉదయం కిటికీ దగ్గర భూతద్దం పెట్టి చూశాను. చివరి అంకెకు అడ్డగీత లేదు, తలమీది గీత మాత్రమే ఉంది. అది 1861. నంబరులో నేను రెండు ఏడులనుకున్న వాటిలో ఒకదానికే అడ్డగీత ఉంది. సరిచేసిన నంబరుతో, కాగితం ఫొటో జతచేసి, సేంట్ డెనిస్‌కు ఈరోజే రాస్తున్నాను.