బానీ, క్లైడ్ సమాధులు చూడటానికి వెళ్లడం తప్పా?

ప్లేనోవాసి:
మొన్న శనివారం మా అబ్బాయిని తీసుకుని డాలస్‌లో బానీ పార్కర్, క్లైడ్ బారో సమాధులు చూసొచ్చాను. 1930ల మాంద్యం రోజుల్లో దోపిడీలు, హత్యలు చేసి, 1934 మే 23న లూసియానాలో పోలీసుల తూటాలకు కలిసి చనిపోయిన జంట. ఇద్దర్నీ ఒకచోట పాతిపెట్టలేదు, బానీ తల్లి ఒప్పుకోలేదు. క్లైడ్ వెస్ట్ డాలస్‌లోని వెస్టర్న్ హైట్స్ శ్మశానంలో అన్న బక్ పక్కన ఉన్నాడు. అన్నదమ్ములిద్దరికీ ఒకటే రాయి. బానీని మొదట ఫిష్‌ట్రాప్ శ్మశానంలో పాతి, 1945లో క్రౌన్ హిల్‌కి మార్చారు. ఎండా మంచూ తగిలి పూలు తీయనైనట్టు నీలాంటివాళ్ల వల్లే ఈ లోకానికి వెలుగు అని పలక మీద రాయించారు. బతికింది ఇరవై మూడేళ్లు. పలక మీద ఎవరో పెట్టిన పెన్నీలు (ఒక సెంటు నాణేలు), ఒక లిప్‌స్టిక్, ఎండిపోయిన గులాబీ. మావాడూ జేబులోంచి ఒక పెన్నీ తీసి పెట్టాడు. ఫొటో పంపితే మా ఆవిడ మండిపడింది, పిల్లాణ్ణి తీసుకెళ్లే చోటా అది అని. మీరేమంటారు?

గుంటూరుమిర్చి:
చరిత్ర అండీ. చూడటంలో తప్పేముంది? తాజ్‌మహల్ మాత్రం సమాధి కాదా?

నల్లరేగడి:
చూడటం వేరు, పెన్నీ పెట్టడం వేరు. ఆ ముఠా చేతిలో పోయినవాళ్లు పదమూడు మంది. 1934 ఏప్రిల్ 1, ఈస్టర్ ఆదివారం, గ్రేప్‌వైన్ దగ్గర రోడ్డు పక్కన ఆగి ఉన్న కారు చూసి, ఏదైనా ఇబ్బందేమోనని ఇద్దరు హైవే పోలీసులు మోటార్ సైకిళ్లు ఆపారు. వీలర్, మర్ఫీ. ఇద్దర్నీ కాల్చేశారు. మర్ఫీకి పెళ్లి కుదిరి ఉంది. ఆ అమ్మాయి పెళ్లి గౌను వేసుకుని అంత్యక్రియలకు వచ్చిందని అప్పటి పేపర్లు రాశాయి. వాళ్ల స్మారక శిల సౌత్‌లేక్‌లో, 114 హైవే డోవ్ రోడ్ కలిసే దగ్గర ఉంది. మీకు గంట దూరం కూడా ఉండదు. అక్కడ ఆగారా?

పాతపటం:
ఒక్క సవరణ. బానీ ఎవర్నీ కాల్చిందనడానికి ఆధారం లేదు. ముఠాలో తిరిగిన డబ్ల్యూ.డి. జోన్స్ ఆమె తుపాకీ పేల్చడం తాను చూడలేదనే చెప్పాడు. గ్రేప్‌వైన్‌లో కూడా మొదట కాల్చింది ముఠాలోని హెన్రీ మెత్విన్. పిల్లాడు పెన్నీ పెట్టింది బానీకి, క్లైడ్‌కి కాదు.

నల్లరేగడి:
ఎవరు పేల్చారని నేను అడగలేదు. కారులో కూర్చుంది కదా.

పాతపటం:
కూర్చోవడం, చంపడం ఒకటేనా? ఆ రోజుల్లోనే ఒక సాక్షి ఆడమనిషే కాల్చిందని చెబితే పేపర్లు దాన్నే పట్టుకున్నాయి. తొంభై ఏళ్ల తర్వాత మనమూ అదే మాట అనకూడదు.

ఓరుగల్లు:
మేముండేది ఇండియానాపోలిస్. ఇక్కడ కూడా క్రౌన్ హిల్ అనే శ్మశానం ఉంది, అందులో ఆ కాలపు బ్యాంకు దొంగ జాన్ డిల్లింజర్ సమాధి ఉంది. జనం గుర్తుగా రాయి ముక్కలు చెక్కుకుపోతుంటే ఎన్నోసార్లు కొత్త రాయి పెట్టాల్సి వచ్చింది. శవాన్ని ఎవరూ తవ్వుకుపోకుండా వాళ్ల నాన్న పైన కాంక్రీటు, ఇనుప తుక్కు పోయించాడు. కొడుకు దొంగే కావచ్చు, ఆ తండ్రి పరిస్థితి తలుచుకుంటేనే కడుపులో దేవేస్తుంది. వెళ్లండి, కానీ చేతులు జేబులో పెట్టుకుని వెళ్లండి.

ప్లేనోవాసి:
నల్లరేగడి గారూ, మావాడికి ఏం చూపించాలో నాకు తెలుసు. ఆ కాలం ఎలాంటిదో కూడా చూడండి. 1933 ఒక్క ఏడాదిలో దాదాపు నాలుగు వేల బ్యాంకులు మునిగాయి. నలుగురిలో ఒకరికి పని లేదు. ఆ కాలపు మరో బ్యాంకు దొంగ ప్రెటీ బాయ్ ఫ్లాయిడ్‌ని ఓక్లహోమాలో ఏకిన్స్ అనే పల్లెలో పాతిపెడితే ఇరవై వేల మందికి తక్కువ కాకుండా వచ్చారు. బ్యాంకుల్లో తాకట్టు కాగితాలు తగలబెట్టాడని రైతులు చెప్పుకునేవాళ్లు.
నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా నాన్న ఎకరంన్నర అమ్మిన డబ్బు ఊళ్లో ఒక సహకార బ్యాంకులో వేశారు. ఒకరోజు షట్టర్ దించేసి నోటీసు అంటించారు. పాస్‌బుక్ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఆయన నెలరోజులు రోజూ ఆ షట్టర్ దాకా నడిచి వెళ్లొచ్చారు. ఒక్కడూ జైలుకెళ్లలేదు. బ్యాంకు దోచినవాడి మీద మీకొచ్చినంత కోపం నాకు రాదు, రమ్మన్నా రాదు.

నల్లరేగడి:
బ్యాంకులా? క్లైడ్ ముఠా ఎక్కువగా దోచింది పెట్రోలు బంకులు, చిల్లర దుకాణాలు. 1932 ఏప్రిల్‌లో హిల్స్‌బరోలో చనిపోయిన జాన్ బుచర్ బ్యాంకు ఓనరు కాదు, దుకాణం నడుపుకునే ముసలాయన. ఆయన ఎవరి పొలం తిన్నాడు?
చెప్పకూడదనుకున్నాను. మా చిన్నాన్న కొడుకు ఎం.ఎస్. చేయడానికి వచ్చి రాత్రిళ్లు గ్యాస్ స్టేషన్‌లో పనిచేసేవాడు. కౌంటర్లో నూట ఎనభై డాలర్లున్నాయి. వాడు డ్రాయర్ తెరిచి ఇచ్చేశాక కూడా కాల్చారు. లోకల్ పేపర్లో కాల్చినవాడి ఫొటో, వాడి చిన్నతనం, వాడి కష్టాలు అరపేజీ. మావాడి పేరు రెండుచోట్ల రెండు రకాలుగా తప్పు రాశారు. శవం ఇంటికి చేరడానికి పదకొండు రోజులు. తర్వాత ఏడాది ఆ షాపుకి వెళ్లాను. వాడు నిలబడిన చోట లాటరీ టికెట్ల స్టాండ్ పెట్టారు. నేను పెన్నీ పెడదామన్నా చోటు లేదు.

గుంటూరుమిర్చి:
అన్నా... ఏం చెప్పాలో తెలియడం లేదు.

పాతపటం:
క్షమించండి. నేను వేరే విషయం మాట్లాడుతున్నాను.

ప్లేనోవాసి:
మీ తమ్ముడి సంగతి తెలియక ఆ మాటన్నాను. ఏమీ అనుకోకండి. మీ బాధ నేను అక్కడికి వెళ్లినందుకు కాదు, అక్కడికే వెళ్లి వచ్చేసినందుకు. అది ఒప్పుకుంటాను. కానీ బ్యాంకు గురించి అన్నది వెనక్కి తీసుకోలేను.

నల్లరేగడి:
తీసుకోవద్దు. మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే. దాన్ని తెచ్చి బుచర్ నెత్తిన వేయకండి, అంతే.

ప్లేనోవాసి:
సరే. వచ్చే ఆదివారం మావాణ్ణి డోవ్ రోడ్ దగ్గరికి తీసుకెళ్తాను. అక్కడ పెన్నీ పెట్టమని చెప్పను, వాడికే అనిపించాలి. బానీ దగ్గర పెట్టింది మాత్రం తీయించను. మీ తమ్ముడి పేరు సరిగ్గా ఎలా రాయాలో మెసేజ్ పెట్టండి.