బడి మూసేలోపు మిగిలిన రోజుల్లో పిల్లల చేత ఏం రాయిస్తున్నారు?

ఏటిగట్టు టీచరు | మార్చి 30

అందరికీ నమస్కారమండి. కోనసీమలో ఒక ప్రాథమిక పాఠశాలలో 5వ తరగతి చెప్తున్నాను. 19 మంది పిల్లలు. ఒంటిపూట బడులు కదా, 7.45కి మొదలెడితే 12.30కి వదిలేస్తాం. పాఠాలు అయిపోయాయి. పరీక్షలు పోగా ఏప్రిల్ 23 లోపు నా చేతిలో ఉన్నవి పన్నెండో పదమూడో రోజులు. జూన్ 12న బడులు తెరిచేసరికి వీళ్ళంతా హైస్కూల్లో ఉంటారు.

నా దిగులు ఒక్కటే. బోర్డు మీదది ఎక్కించుకోమంటే ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తారు. సొంతంగా నాలుగు ముక్కలు రాయమంటే పెన్సిలు కదలదు. మొన్న మీ ఇంట్లో ఉన్న జంతువు గురించి రాయండర్రా అన్నాను. ఒక పిల్ల ఇంట్లో రెండు గేదెలున్నాయి. పొద్దున్నే లేచి వాటికి గడ్డి వేసి మరీ బడికొస్తుంది. ఆ పిల్ల "గేదె సాధు జంతువు. గేదెకు నాలుగు కాళ్ళు ఉండును" అని రాసిచ్చింది. ఆవు వ్యాసంలో ఆవుని తీసేసి గేదెని కట్టేసింది. నోటితో చెప్పమంటే మాత్రం ఏది తంతుందో, ఏది దూడని వదిలితేగానీ పాలు చేపదో అరగంట చెప్తుంది. ఆ మాటలు కాగితం మీదికి రావట్లేదు.

మీరు చేసి చూసినవి చెప్పండి. చార్టులూ రంగు కాగితాలూ కొనే పనులు కాకుండా.

ఒకటీ రెండూ క్లాసులు | మార్చి 30

మాది చిన్న క్లాసుల అనుభవం, మీకెంత పనికొస్తుందో. పిల్ల బొమ్మ వేస్తుంది, నేను పక్కన కూర్చుని ఇదేంటమ్మా అని అడిగి, ఆ పిల్ల అన్నమాట అన్నట్టే బొమ్మ కింద రాస్తాను. "మా సిన్నాన్న పీత పట్టేడు" అంటే అలాగే. తన మాట రాతలో ఎలా ఉంటుందో పిల్ల చూస్తుంది. దాని కిందే మళ్ళీ తను రాస్తుంది. అంతే. ఇంకోటి, జూన్‌లో రాసిన మొదటి పేజీ చింపి దాచి ఉంచుతాను. ఆఖరి వారం దాన్ని పక్కన పెట్టి అదే మళ్ళీ రాయిస్తే, వాళ్ళ మొహాలు చూడాలండి.

పాలకొల్లు పెద్దమాస్టారు | మార్చి 31

అమ్మా, "ఉండును" అని రాయడం ఆ పిల్ల తప్పు కాదు. ఇంట్లో మాట్లాడే తెలుగు బడిలో రాయడానికి పనికిరాదని మనమే నేర్పాం. పర్లాకిమిడిలో బడిపంతులుగా చేసిన గిడుగు రామమూర్తి గారు జీవితమంతా పోరాడింది దీని మీదే. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేస్తున్నాం. పిల్లవాడు "ఎల్లేను" అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేస్తున్నాం. నేనూ చాలా ఏళ్ళు కొట్టేశాను. ఇప్పుడు తలుచుకుంటే మనసుకి కష్టంగా ఉంటుంది.

రిటైరవడానికి ముందు కొన్నేళ్ళు ఒక పద్ధతి పట్టుకున్నాను. పిల్ల రాసినదాని కింద మార్కులు వేయను, తప్పులు చుట్టను. నాకు నిజంగా తెలుసుకోవాలనిపించిన ప్రశ్న ఒకటి రాస్తాను. ఒకడు "మా నాన్న దింపుకెళ్ళేడు" అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాడు. దింపంటే చెట్టెక్కి కొబ్బరికాయలు దించడం. "ఎన్ని చెట్లు ఎక్కుతాడు? పైనుంచి ఏం కనపడుతుంది?" అని కింద రాశాను. మర్నాడు ఏడు లైన్లు వచ్చాయి. పైనుంచి మన బడి పెంకులు కనపడతాయంట, గాలికి చెట్టు ఊగితే కళ్ళు మూసుకుంటాడంట, ఆ సంగతి అమ్మకి చెప్పొద్దన్నాడంట. నేను చెప్తే ఆ పిల్లాడు రాసేవేనా అవి? మీ గేదెల పిల్లకి కూడా "ఏది తంతుంది?" అని ఒక్క ముక్క రాసివ్వండి. రేపు చూడండి.

భీమవరం తెలుగు పండిట్ | మార్చి 31

పెద్దమాస్టారి మీద గౌరవంతోనే చెప్తున్నాను. మీరు పంపిన పిల్లల్ని ఆరులో తీసుకునేది మేమండి. ల-ళ తేడా లేదు, శ-ష-స మూడూ ఒకటే, దీర్ఘాలు ఉండవు, "అమ్మ"కి వత్తు ఎగిరిపోతుంది. ప్రాథమికంలో దిద్దకపోతే మా దగ్గర ఆ తప్పులు ముదిరిపోతాయి. పరీక్ష పేపరు దిద్దేవాళ్ళు గోదావరి యాసని చూసి ముచ్చటపడరు. ప్రేమతో వదిలేసిన తప్పుకి తర్వాత మార్కులు పోయేది పిల్లకే.

పాలకొల్లు పెద్దమాస్టారు | మార్చి 31

బాబూ, మీరన్నది నిజం. దిద్దవద్దని నేననలేదు, మొదటి రాతలో దిద్దవద్దంటున్నాను. చిత్తు పుస్తకం ఒకటి, సాపు పుస్తకం ఒకటి పెట్టించండి. చిత్తులో కలం పెట్టకండి. సాపు రాసేటప్పుడు ఒక వారం వత్తులు మాత్రమే చూడండి, మరుసటి వారం దీర్ఘాలు. అన్నీ ఒకేసారి దిద్దితే కాగితమంతా ఎర్రబడుతుంది, పిల్ల రెండోసారి రాయదు. "ఎల్లేను" అనేది యాస, "అమ"  అని రాయడం అక్షరదోషం. రెండూ ఒకటి కాదు.

భీమవరం తెలుగు పండిట్ | మార్చి 31

వారానికి ఒక్కటి చొప్పున దిద్దడం బాగుందండి. మా ఆరో తరగతిలో కూడా అలా చేసి చూస్తాను.

కొబ్బరితోట | ఏప్రిల్ 1

రెండు రోజుల్లో అయిపోయే పని ఒకటుంది టీచర్ గారూ. కొబ్బరాకుతో బూర ఎలా చేయాలో రాయించండి. మా పిల్లలందరికీ చేతికొచ్చిన పనే. ఒకడు రాయాలి, ఇంకొకడు ఆ కాగితం చదువుతూ అందులో ఉన్నంతే చేయాలి, తనకు తెలిసినది కలపకూడదు.

మా క్లాసులో ఒకడు "ఆకు తీసుకోవాలి. చుట్టాలి. ఊదాలి" అని మూడు ముక్కల్లో తేల్చేశాడు. రెండోవాడు ఈనె తీయకుండానే చుట్టాడు. ఆకు చుట్టుకోలేదు. "ఈనె తియ్యాలిరా" అని వీడు, "నువ్వు రాయలేదు కదా" అని వాడు. మళ్ళీ రాశారు. ఈసారి సన్నగా మొదలెట్టాలా, వెడల్పుగా మొదలెట్టాలా అని తగువు. చివర పుల్ల గుచ్చకపోతే విప్పుకుపోతుందని ఇంకో వాక్యం. నాలుగోసారికి పద్నాలుగు వాక్యాలయ్యాయి, వరస కూడా కుదిరింది. "ముందు", "తర్వాత", "అప్పుడు" అనే మాటలు ఎందుకు కావాలో నేను చెప్పక్కర్లేకపోయింది. ఆకు ఖర్చు లేదు, బడి వెనకే చెట్లు.

లంక మాస్టారు | ఏప్రిల్ 2

మాది గోదావరి మధ్యలో లంక బడండి. పంటు (మనుషుల్ని, బళ్ళని ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి వెళ్తాను. పోయినేడాది ఆఖరి వారాల్లో మేము వరద పుస్తకం రాశాం. 1986 ఆగస్టు వరద మా దగ్గర ఇప్పటికీ కాలం లెక్కకి గుర్తు. ముసలాళ్ళు "ఎనభయ్యారుకి ముందు", "ఎనభయ్యారు తర్వాత" అంటారు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. ఆ ఏడాది దానికి చాలా పైకి వెళ్ళింది.

పిల్లల్ని మూడు ప్రశ్నలతో ఇంటికి పంపాను. నీళ్ళు ఎంతవరకు వచ్చాయి? ఇంట్లోంచి ముందుగా ఏం తీసుకుని వెళ్ళారు? ఏం వదిలేశారు? మూడో ప్రశ్నకే అసలు కథలన్నీ వచ్చాయి. ఒక నాయనమ్మ కట్టేసిన దూడని విప్పడం మర్చిపోయానని మనవరాలికి చెప్పింది, ఇన్నేళ్ళయినా ఆ మాట అంటే గొంతు పట్టేసిందని ఆ పిల్ల రాసింది. ఒకడు తాత చూపించిన గోడ గుర్తు దగ్గర నిలబడి, తన తల మీద చెయ్యి పెట్టి, ఇంకా రెండు జానలు పైకి ఉందని రాశాడు. 2022 జూలై వరద కొందరికి గుర్తుంది. ఎడమ పేజీలో పెద్దవాళ్ళ వరద, కుడి పేజీలో తమ వరద రాయించాను.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇల్లు పోయిన పిల్లలుంటారు. ఒకడు రాయనన్నాడు. బలవంతపెట్టలేదు. వాడు పుస్తకానికి లంక పటం గీశాడు: రేవు, బడి, గుడి, పాకలు. పుస్తకంలో అందరూ ముందు తీసేది ఆ పేజీనే.

నరసాపురం అమ్మ | ఏప్రిల్ 3

నేను టీచర్ని కాదండి, నాలుగు చదివే పిల్ల తల్లిని. మా అమ్మాయి టీచరు "మీ ఇంట్లో ఒకరి చేతిపని చూసి రాయండి" అన్నారు. మా అత్తగారు చిన్నప్పట్నుంచీ లేసు అల్లుతారు. మా నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పిల్లకి ఆ సంగతి బడిలోనే చెప్పారట. అత్తగారికి చదువు రాదు. పిల్ల పక్కన కూర్చుని వేలికి దారం ఎలా చుడతావు, సూది ఎటు తిప్పుతావు, కుట్టు తప్పితే ఏం చేస్తావు అని అడిగి రాసుకుంది. రాత్రి చదివి వినిపించింది. ఆవిడ ఏమీ అనలేదు, ఇంకోసారి చదవమన్నారు. రెండోసారి విని "పెద్ద లేసుకి అలా కాదు, రాసుకో" అని తప్పు సరిచేశారు. ఆ కాగితం బడికిచ్చే ముందు జెరాక్స్ తీయించి ఇంట్లో ఉంచుకున్నాం.

ఏటిగట్టు టీచరు | ఏప్రిల్ 5

అందరికీ దణ్ణాలండి. పెద్దమాస్టారూ, ఆ రోజే గేదెల పిల్ల కాగితం కింద "ఏది తంతుంది?" అని రాసిచ్చాను. మర్నాడు "నల్లదాన్ని ఎడమ పక్కనుంచి పితకాలి. కుడి పక్కకెళ్తే తన్నుద్ది. అమ్మ చేతి గాజులు సప్పుడైతేనే సేపుద్ది" అని రాసుకొచ్చింది. స్టాఫ్ రూమ్‌లో చదివి వినిపించాను. సాపులో "చప్పుడు", "చేపు" దిద్దుకుంది. "తన్నుద్ది" అలాగే ఉంచాను.

పుస్తకం కుట్టాలనుకుంటున్నాను. కాగితాలకేం చేస్తారు మీరు?

కొబ్బరితోట | ఏప్రిల్ 5

ఆఖర్లో ప్రతి నోటుపుస్తకంలో పదో పాతికో తెల్లకాగితాలు మిగిలిపోతాయి కదండీ. అవి చింపించండి. అట్టకి పాత క్యాలెండరు తిరగేసి వాడండి. వల కుట్టే నైలాను దారంతో కుడితే పదేళ్ళున్నా ఊడదు. మొదటి పేజీలో వచ్చే ఏడాది ఐదుకొచ్చే పిల్లలకి ఉత్తరం రాయించండి. ఏ ఫ్యాను తిరగదు, ఏ కుళాయి నీళ్ళు బాగుంటాయి, ఏ లెక్క దగ్గర భయపడక్కర్లేదు, ఇవన్నీ మనకంటే వాళ్ళకే బాగా తెలుసు.

ఒకటీ రెండూ క్లాసులు | ఏప్రిల్ 6

పోస్టుకార్డులు కూడా ఇవ్వండి మేడమ్. కార్డు 50 పైసలు. 19 మందికి తొమ్మిదిన్నర రూపాయలు. చిరునామా ముందే మీ చేత్తో రాసివ్వండి, లేకపోతే సగం చేరవు. బడి చిరునామా వద్దు, సెలవుల్లో ఎవరూ తీసుకోరు. మీ ఇంటిదే రాయండి. "సెలవులు ఎలా గడిపావు" అని రాయమని మాత్రం చెప్పకండి, అందరూ "బాగా గడిపాను" అనే రాస్తారు. "వేసవికి కాలువలో నీళ్ళు కట్టేశాక అడుగున ఏం కనపడింది", "మీ ఇంట్లో ఆవకాయ జాడీలు ఎన్ని నిండాయి" లాంటివి ఒక్కొక్కరికి ఒకటి ఇవ్వండి.

ఏటిగట్టు టీచరు | ఏప్రిల్ 23

ఇవాళ ఆఖరి రోజు. పుస్తకం అయింది, 62 పేజీలు. బూరల పేజీలు, తాతల కబుర్లు, మా ఊరి మాటల పట్టిక కూడా చేర్చాం: బోదె, దింపు, కురిడీ, దాళ్వా, పంటు. 19 మందివీ ఉన్నాయి. నాలుగో తరగతి వాళ్ళకి చదివి వినిపించి వాళ్ళ చేతికే ఇచ్చారు. మా పుస్తకం జాగ్రత్తర్రా అని ఒకడు నాలుగుసార్లు చెప్పాడు. కార్డులు పంచాను.

లంక మాస్టారు | ఏప్రిల్ 23

చాలా సంతోషమండి. ఒక పేజీ ఇక్కడ పెట్టండి, పిల్లల పేర్లు కనపడకుండా.

ఏటిగట్టు టీచరు | జూన్ 9

ఇప్పటికి 11 కార్డులు వచ్చాయి. ఒకటి ఆవకాయ నూనె మరకతో వచ్చింది. ఒకడు కాలువ అడుగున దొరికిన వాటి లెక్క రాశాడు: చెప్పులు ఆరు, సత్తు గ్లాసు ఒకటి, అమ్మ పోగొట్టుకున్న బిందె మూత. నిన్న గేదెల పిల్ల కార్డు వచ్చింది. ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

"టీచర్, నల్లది ఈనింది. పెయ్య. కాలవకి నీళ్ళొచ్చేయి. నేను ఐస్కూలికి ఎల్లాక కూడా రాయనా? ఇంకో కార్డు కావాలి."